రీలు కెమెరా మళ్లీ చేతిలోకి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిల్ము ఫొటోగ్రఫీ గురించి నన్ను అడిగేవాళ్లలో రెండు తరాలు కనిపిస్తాయి. ఇరవైల్లో ఉన్నవాళ్లు ఎలా మొదలుపెట్టాలో అడుగుతారు. యాభై దాటినవాళ్లు ఇప్పుడు ఇదంతా ఎందుకని అడుగుతారు. ఇద్దరికీ పనికొచ్చేలా, ఎక్కువసార్లు ఎదురైన ప్రశ్నలన్నీ ఇక్కడ పెట్టాను. మొదలుపెట్టే ముందు కెమెరా, రీలు, కడిగించడం గురించిన జవాబులైనా చదవండి.

ఫోన్‌లో క్షణంలో ఫొటో వస్తుంటే మళ్లీ రీలు కెమెరా ఎందుకు?

ఫోన్‌తో ఒకే దృశ్యాన్ని పదిసార్లు తీస్తాం. మంచిది తర్వాత ఏరుకుందాం అనుకుంటాం. ఆ ‘తర్వాత’ ఎప్పటికీ రాదు. పది ఫొటోలూ మెమరీలో అలాగే పడి ఉంటాయి. రీల్లో ఉండేవి 36 ఫ్రేములే. అందుకే నొక్కకముందే ఆలోచిస్తాం. వెలుగు ఎటునుంచి వస్తోంది? అమ్మమ్మ తల వెనక కరెంటు స్తంభం ఉందా? ఇంకో అడుగు ముందుకు వేస్తే బాగుంటుందా? ఈ ఏరుకోవడమంతా ఫొటో తీయకముందే జరిగిపోతుంది.

ఇంకోటి, వెనక తెర లేదు. నొక్కగానే చూసుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి కళ్లు మనుషుల మీదే ఉంటాయి. ఏది ఎలా వచ్చిందో రెండు వారాల తర్వాతగానీ తెలియదు. అప్పటికి ఆ రోజు హడావుడి మనసులోంచి పోతుంది, ఫొటోని ఫొటోగా చూడగలుగుతాం. చివరికి కడిగిన ఫిల్ము, అంటే నెగటివ్, చేతిలో మిగులుతుంది. ఫిల్ము గొప్పదనం రంగుల్లో ఉందని నేననుకోను. చూసి నొక్కడంలో ఉంది, నెగటివ్ ఇంట్లో మిగలడంలో ఉంది.

ఇది నిజంగా తిరిగొచ్చిందా, నాలుగు రోజుల మోజా?

జరిగింది వరసగా చూడండి. మొదటి డిజిటల్ కెమెరాని 1975లో తయారుచేసిన స్టీవెన్ సాసన్ కొడాక్ ఇంజనీరే. అదే కొడాక్ 2012 జనవరిలో దివాలా రక్షణ కోరుతూ కోర్టుకి వెళ్లింది. 1935 నుంచి వస్తున్న కొడాక్రోమ్ ఫిల్మును 2009లో ఆపేశారు. పోలరాయిడ్ తన ఇన్‌స్టంట్ ఫిల్ము తయారీని 2008లోనే వదిలేసింది. అప్పట్లో ఫిల్ము కథ అయిపోయిందనే అందరూ అనుకున్నారు.

ఆ తర్వాత గాలి మళ్లింది. నెదర్లాండ్స్‌లోని ఎన్‌స్కెడే పోలరాయిడ్ ఫ్యాక్టరీని అక్కడ పనిచేసినవాళ్లతో కలిసి కొందరు నిలబెట్టారు. ఆ ప్రయత్నమే 2020 నాటికి మళ్లీ పోలరాయిడ్ పేరుతో మార్కెట్లో నిలిచింది. 2012లో ఆపేసిన ఎక్టాక్రోమ్ స్లైడ్ ఫిల్మును (నెగటివ్‌లా కాకుండా నేరుగా అసలు రంగుల్లోనే బొమ్మ వచ్చే ఫిల్ము) కొడాక్ 2018లో తిరిగి తెచ్చింది. ఫుజీ తన ఆక్రోస్ బ్లాక్ అండ్ వైట్ ఫిల్మును ఆపి, 2019లో ఆక్రోస్ 2 పేరుతో తెచ్చింది. లైకా 2022లో ఎం6 కెమెరాని మళ్లీ తయారుచేసింది. ఇల్ఫర్డ్ ఫిల్ములు తయారుచేసే ఇంగ్లండ్ కంపెనీ హార్మన్ 2023 చివర్లో ఫీనిక్స్ అనే కొత్త కలర్ ఫిల్ము విడుదల చేసింది. 2024లో పెంటాక్స్ 17 వచ్చింది. అది పాత మోడల్‌కి రంగులేసింది కాదు, సరికొత్తగా డిజైన్ చేసిన ఫిల్ము కెమెరా.

వీధికో కలర్ ల్యాబ్ ఉన్న రోజులు మాత్రం రావు. ఇన్‌స్టాలో చూసి కొన్నవాళ్లలో చాలామంది రెండు మూడు రీళ్లకే మానేస్తారు. అయినా కంపెనీలు కొత్త ఫిల్ము మీద, కొత్త కెమెరా మీద డబ్బు పెడుతున్నాయంటే కొనేవాళ్లు నిలకడగా ఉన్నారనే అర్థం.

ఫిల్ము లుక్ ఫిల్టర్‌తో రాదా?

చాలావరకు వస్తుంది. లుక్ ఒక్కటే కావాలంటే ఫిల్టర్ వాడుకోండి, డబ్బు మిగులుతుంది.

ఇంట్లో నాన్నగారి పాత కెమెరా ఉంది. పనికొస్తుందా?

ఏ కెమెరా అన్నదాన్ని బట్టి. మన ఇళ్లలో ఎక్కువగా దొరికేవి యాషికా ఎంఎఫ్-2, కొడాక్ కేబీ-10 లాంటివి. వీటిలో మామూలు 35 ఎంఎం రీలే పడుతుంది, కాబట్టి వాడుకోవచ్చు. ముందుగా బ్యాటరీ గది మూత తీసి చూడండి. లోపల ఏళ్ల తరబడి ఉండిపోయిన బ్యాటరీ కారి, పచ్చగా తుప్పు పట్టి ఉంటే దూదికి కొంచెం వెనిగర్ అద్ది తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి.

ఆగ్ఫా క్లిక్-3 దొరికితే ఇంకా మంచిది. దానికి 35 ఎంఎం కంటే వెడల్పుగా ఉండే 120 రోల్ ఫిల్ము కావాలి, అది ఇప్పటికీ అమ్ముతున్నారు. చదరంగా 12 ఫొటోలు వస్తాయి. హాట్‌షాట్ లాంటి 110 కెమెరాలకు మాత్రం ఫిల్ము దొరకడం కష్టం. అలాంటివి షోకేసులో పెట్టుకోవడమే మేలు.

కొనాలనుకుంటే బ్యాటరీ లేకపోయినా షట్టర్ (వెలుతుర్ని క్షణంపాటు ఫిల్ము మీదికి వదిలే తెర) పనిచేసే మెకానికల్ ఎస్ఎల్ఆర్, అంటే లెన్సులోంచే చూసి తీసే కెమెరా తీసుకోమంటాను. పెంటాక్స్ కె1000, నికాన్ ఎఫ్ఎం10 ఆ కోవలోవే. వీటిలో బ్యాటరీ వెలుతురు కొలిచే లైట్ మీటర్ కోసమే. కానన్ ఏఈ-1 అందంగా ఉంటుంది, కానీ బ్యాటరీ అయిపోతే షట్టరే పడదు.

పాత కెమెరా కొనేటప్పుడు ఏం చూడాలి?

వెనక తలుపు తెరిచి, షట్టర్‌ను ఒక సెకండు దగ్గరా, సెకండులో వెయ్యో వంతు దగ్గరా నొక్కి చూడండి. రెండింటికీ తేడా చెవికి తెలియాలి. తలుపు అంచున ఉండే నల్ల స్పాంజి వేలికి జిగురుగా అంటుకుంటే అది పాడైనట్టే, వెలుతురు లోపలికి పోతుంది. దాన్ని మార్చడం పెద్ద పని కాదు, ధరలో తగ్గించమని అడగండి.

అసలు చూడాల్సింది లెన్సు. అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, వెనకనుంచి ఫోన్ టార్చి వేసి చూడండి. లోపల సాలెగూడు దారాల్లా కనిపిస్తే ఫంగస్ అని అర్థం. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరం ఊళ్ల తేమలో ఇది చాలా మామూలు. ఫంగస్ పట్టిన లెన్సుని మిగతా లెన్సులతో కలిపి పెట్టొద్దు. కెమెరాని తోలు కేసులో ఉంచి బీరువాలో పెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. తోలు తేమ పీల్చుకుంటుంది కాబట్టి ఆ కేసే ఫంగస్‌కి ఇల్లవుతుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచండి. నెలకోసారి తీసి వాడండి, వాడే కెమెరా పాడవడం తక్కువ.

ఎంత ఖర్చవుతుంది?

కలర్ రీలు వందల్లో మొదలై వెయ్యి దాటుతుంది. ఫిల్ము అంతా దిగుమతే, పైగా అందులో వెండి ఉంటుంది కాబట్టి ధర ఒకచోట నిలవదు. రీలు వెయ్యి, కడిగి స్కాన్ చేసినందుకు నాలుగైదు వందలు అనుకోండి. 36తో భాగిస్తే ఒక్కో ఫొటోకి నలభై రూపాయలు పడుతుంది. ఒక్కో ఫ్రేము చోటులో రెండు ఫొటోలు పట్టించే హాఫ్ ఫ్రేమ్ కెమెరాలో అదే రీలుకి 72 ఫొటోలు వస్తాయి, ఖర్చు సగమవుతుంది. విద్యార్థులకి ఇది మంచి దారి. నెలకి ఒక్క రీలు చాలు. అంతకంటే ఎక్కువ తీస్తే నేర్చుకోవడం వేగంగా ఏమీ జరగదు.

ఏ రీలు కొనాలి?

ఎండలో తిరిగేటట్టయితే కొడాక్ గోల్డ్ 200 లేదా కలర్‌ప్లస్ 200. ఇళ్లలో, సాయంత్రం పూట తీసేటట్టయితే ఐఎస్ఓ (ఫిల్ము వెలుతురుకి ఎంత త్వరగా స్పందిస్తుందో చెప్పే అంకె) 400 ఉన్న అల్ట్రామ్యాక్స్. బ్లాక్ అండ్ వైట్‌కి ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్. దాన్ని మించి పొరపాట్లను కాచే ఫిల్ము నేను చూడలేదు. స్లైడ్ ఫిల్ము జోలికి మొదటి ఏడాది వెళ్లొద్దు.

లైట్ మీటర్ పనిచేయడం లేదు. ఇక వృథానా?

కాదు. మన ఎండే పెద్ద మీటర్. నడినెత్తిన సూర్యుడు, మబ్బు లేని ఆకాశం ఉంటే అపర్చర్ ఎఫ్/16 పెట్టి (ఈ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది), షట్టర్ వేగాన్ని ఫిల్ము ఐఎస్ఓకి దగ్గరగా ఉన్న అంకె మీద పెట్టండి. 200 ఫిల్ముకి సెకండులో 250వ వంతు. పల్చటి మబ్బు ఉంటే ఎఫ్/11, దట్టమైన మబ్బు ఉంటే ఎఫ్/5.6. వేపచెట్టు నీడలో మనిషిని తీస్తుంటే ఎఫ్/4 దాకా తెరవండి. అనుమానం ఉంటే ఫోన్‌లో లైట్ మీటర్ యాప్ వేసుకోండి, అవి బాగానే పనిచేస్తాయి.

ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. కలర్ నెగటివ్ ఎక్కువ వెలుతుర్ని తట్టుకుంటుంది, తక్కువైతే మాత్రం నీడలు బురదలా వస్తాయి. రెండింటి మధ్య ఊగిసలాడుతుంటే ఎక్కువవైపే మొగ్గండి. డిజిటల్‌కి అలవాటుపడ్డ చెయ్యి సరిగ్గా దీనికి ఉల్టా చేస్తుంది. అక్కడ తెలుపు ఒకసారి పోతే రాదని వెలుతురు తగ్గించి తీస్తారు.

రీలు ఎక్కించడం అంటే టెన్షన్‌గా ఉంది. సరిగ్గా పడిందని ఎలా తెలుస్తుంది?

ఎండలో కాకుండా నీడలో నిలబడండి. వెనక తలుపు తెరిచి, రీలు ఎడమవైపు గుంటలో పెట్టండి. నాలుకలా బయటికి ఉన్న ఫిల్ము కొసను లాగి కుడివైపు ఇరుసు చీలికలో దూర్చండి. ఫిల్మును ముందుకు జరిపే లివర్ ఒకసారి తిప్పండి. ఫిల్ము పైనా కిందా ఉన్న రంధ్రాలు రెండూ పళ్లచక్రంలో కూర్చోవాలి. కూర్చున్నాకే తలుపు మూయండి.

ఇప్పుడు ఎడమవైపు పైన ఉండే రివైండ్ పిడిని బాణం గుర్తు ఉన్న వైపు మెల్లగా తిప్పండి. కాస్త తిరిగి ఆగుతుంది. వదులు పోయి ఫిల్ము బిగిసిందన్నమాట. ఇక లివర్ తిప్పినప్పుడల్లా ఆ పిడి తనంతట తను తిరగాలి. తిరుగుతోందంటే లోపల ఫిల్ము నడుస్తోంది. తిరగకపోతే ఫ్రేము అంకె 20 దాటినా, 30 దాటినా లోపల రీలు కదలనే లేదు. మొదటి మూడు ఫ్రేములప్పుడు కళ్లు ఆ పిడి మీదే ఉంచండి.

అయిపోయాక కెమెరా అడుగున ఉన్న బొత్తం నొక్కి, అదే పిడితో వెనక్కి చుట్టండి. చుట్టేటప్పుడు పట్టు ఒక్కసారిగా వదులైనట్టు తెలుస్తుంది. అప్పటిదాకా తలుపు తెరవొద్దు.

ఎక్కడ కడిగించాలి? మా ఊళ్లో స్టూడియో వాళ్లు ఇప్పుడు చేయడం లేదంటున్నారు.

హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, ముంబై లాంటి నగరాల్లో కడిగేవాళ్లు ఉన్నారు. చిన్న ఊళ్లవాళ్లు రీలుని కొరియర్‌లో పంపితే స్కాన్లు మెయిల్లో వస్తాయి. నెగటివ్‌లు తిరిగి పంపమని ముందే గట్టిగా చెప్పండి. అడగకపోతే కొన్నిచోట్ల పారేస్తారు.

సినిమా ఫిల్మును చిన్న రీళ్లుగా చుట్టి తక్కువ ధరకి అమ్మేవాళ్లు ఉన్నారు. అది కొంటే ల్యాబ్‌కి ఆ మాట చెప్పి తీరాలి. అలాంటి ఫిల్ముల్లో చాలావాటి వెనక రెమ్‌జెట్ అనే నల్లటి కార్బన్ పూత ఉంటుంది. కలర్ నెగటివ్‌లు కడిగే మామూలు సీ-41 మెషిన్‌లో అది ఊడి రసాయనాల్లో కలిస్తే, మీ రీలుతోపాటు ఆ రోజు వచ్చిన అందరి రీళ్లూ పాడవుతాయి.

ఇంట్లోనే కడగొచ్చా?

కడగొచ్చు, బ్లాక్ అండ్ వైట్‌తో మొదలుపెట్టండి. వెలుతురు చొరని ట్యాంకు, ఛేంజింగ్ బ్యాగు (చేతులు దూర్చి లోపల చీకట్లో పనిచేసుకునే సంచి), థర్మామీటర్, బొమ్మను బయటికి తెచ్చే డెవలపర్, దాన్ని నిలిపి ఉంచే ఫిక్సర్ ఉంటే చాలు. మన స్టూడియోల్లో హైపో అనేది ఈ ఫిక్సర్‌నే. ట్యాంకులోకి ఫిల్ము వెళ్లి మూత పడ్డాక మిగతాదంతా వెలుతుర్లోనే.

కష్టమంతా ఫిల్మును చీకట్లో ప్లాస్టిక్ చుట్టకి ఎక్కించడంలో ఉంది. ఒక పాడైన రీలు తీసుకుని ముందు చూస్తూ, తర్వాత కళ్లు మూసుకుని చేతికి అలవాటు చేయండి. మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. వేసవిలో ఛేంజింగ్ బ్యాగులో చేతులు పెట్టిన రెండు నిమిషాలకే చెమట పడుతుంది. ఆ తేమకి ఫిల్ము మెత్తబడి చుట్టకి అతుక్కుపోయి, సగంలో ఆగిపోతుంది. అలాంటప్పుడు బలవంతంగా తోస్తే మడతపడి ఫ్రేముల మీద నెలవంకల్లాంటి మరకలు వస్తాయి. ఫిల్మును ట్యాంకులో వేసి మూత పెట్టి, చేతులు బయటికి తీసి తుడుచుకుని, కాసేపాగి మళ్లీ మొదలుపెట్టండి. తెల్లవారుజామునో, ఏసీ గదిలోనో చేస్తే ఈ బాధ ఉండదు.

తర్వాతి సమస్య నీళ్ల వేడి. పుస్తకాల్లో రాసే 20 డిగ్రీలు చల్లటి దేశాల లెక్క. మే నెలలో మన ట్యాంకు నీళ్లు 30 పైనే ఉంటాయి. డెవలపర్ సీసాను ఐసు ముక్కలు వేసిన బకెట్లో నిలబెట్టి థర్మామీటర్ చూస్తూ ఉండండి. ఐసు నేరుగా డెవలపర్‌లో వేయొద్దు, పలచబడుతుంది. హెచ్‌పీ5 ప్లస్‌ని నీళ్లు కలపని డీ-76 అనే డెవలపర్‌లో 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు ఉంచాలి. 24 డిగ్రీలైతే ఐదు నిమిషాలకి కాస్త అటూ ఇటూ. అంతకంటే తక్కువ సమయంలోకి దిగితే డెవలపర్ సమంగా పట్టక చారలు పడతాయి. చిత్రమేమిటంటే, కష్టమని అందరూ భయపడే కలర్ మన వాతావరణానికి కొంత అనుకూలం. సీ-41కి కావలసింది దాదాపు 38 డిగ్రీలు, అందులో డెవలపర్ సమయం మూడుంపావు నిమిషాలు. వేడినీళ్ల బకెట్ ఉంటే మన దగ్గర ఆ వేడిని నిలపడం తేలిక.

ఫిక్సర్ తర్వాత మూత తీసి, చుట్టలోంచి తడి ఫిల్మును లాగి కిటికీ వైపు పట్టుకున్నప్పుడు చిన్న చిన్న మొహాలు తలకిందులు రంగుల్లో, నల్లటి పళ్లతో, తెల్లటి జుట్టుతో కనిపిస్తాయి. ఎన్ని రీళ్లు కడిగినా ఆ నిమిషం పాతబడదు. బాగా కడిగి, దుమ్ము లేని స్నానాలగదిలో క్లిప్పులతో వేలాడదీయండి. ఫ్యాన్ వేయొద్దు.

వాడేసిన రసాయనాలు ఎక్కడ పారబోయాలి?

ఫిక్సర్‌ని సింకులో, పెరట్లో, బోరు దగ్గర అసలు పోయొద్దు. ఫిల్మునుంచి కరిగిన వెండి అందులో ఉంటుంది, అది నీటిలోని జీవులకి విషం. డబ్బాలో పోగుచేసి, ఫిల్ము కడిగే ల్యాబ్‌ని అడిగి ఇవ్వండి. వెండి తీసుకునేవాళ్లు ఒకప్పుడు స్టూడియోలకీ, ఎక్స్‌రే సెంటర్లకీ వచ్చి వాడేసిన హైపోను డబ్బిచ్చి మరీ కొనుక్కెళ్లేవాళ్లు.

ఫిల్ములో జెలటిన్ ఉంటుందట కదా?

ఉంటుంది. వెండి లవణాలని ఫిల్ము మీద పట్టి ఉంచే పొర అదే. పశువుల ఎముకలు, తోళ్లనుంచి తీస్తారు. దానికి సరైన ప్రత్యామ్నాయం ఇంకా వాడుకలోకి రాలేదు. ఈ విషయంలో పట్టింపు ఉన్నవాళ్లు తెలిసే నిర్ణయించుకోవాలి, అందుకే ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

చివరికి స్కాన్ చేసి ఫోన్‌లోనే చూస్తాం. మరి ఫిల్ము ఎందుకు?

ఇది మంచి ప్రశ్న. స్కాన్ నకలు మాత్రమే. ఇవాళ్టి స్కాన్ బాగా రాకపోతే పదేళ్ల తర్వాత మెరుగైన పరికరంతో అదే నెగటివ్‌ని మళ్లీ స్కాన్ చేయించుకోవచ్చు. ఫోన్ పోయినా, పాస్‌వర్డ్ మరిచిపోయినా, క్లౌడ్ కంపెనీ మూతపడినా నెగటివ్‌కి ఏమీ కాదు. దాన్ని చూడటానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, కిటికీ చాలు. అయితే ఫోన్‌లో చూసి వదిలేస్తే మాత్రం సగమే చేసినట్టు. రీలుకి మూడు నాలుగైనా ప్రింట్లు వేయించండి.

పెళ్లి ఫిల్ము మీద తీయించుకోవచ్చా?

పూర్తిగా ఫిల్ము మీదే వద్దు. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ మళ్లీ చేయించలేం, వాటికి డిజిటల్ ఫొటోగ్రాఫర్ ఉండి తీరాలి. ప్రదానం, పెళ్లికూతుర్ని చేయడం, విడిదింట్లో మేనత్తల ముచ్చట్లు, పగటి వెలుతుర్లో జరిగే ఇలాంటివాటికి రెండు మూడు రీళ్లు కేటాయించండి. ఆల్బమ్‌లో అవే వేరుగా కనిపిస్తాయి.

విమానాశ్రయంలో ఎక్స్‌రేకి పాడవుతుందా?

చెకిన్ సూట్‌కేసులో ఎప్పుడూ పెట్టొద్దు, అక్కడి యంత్రాల శక్తి ఎక్కువ. చేతి సంచిలో, పైకి కనిపించే కవర్లో పెట్టుకుని చేత్తో తనిఖీ చేయమని మర్యాదగా అడగండి. కొత్తగా వస్తున్న సీటీ స్కానర్లు తక్కువ ఐఎస్ఓ ఫిల్మునీ దెబ్బతీస్తాయి. అమెరికానుంచి వచ్చే చుట్టాలతో రీళ్లు తెప్పించుకునేవాళ్లు ఈ మాట ముందే ఫోన్ చేసి చెప్పండి.

డేట్ అయిపోయిన రీలు దొరికింది. వాడొచ్చా?

ముఖ్యమైన పనికి వద్దు. సరదాకైతే పదేళ్లకి ఒక స్టాప్ (అంటే రెట్టింపు) చొప్పున వెలుతురు ఎక్కువ ఇవ్వండి. మన వేడిలో బీరువాలో ఉన్న రీలు ఫ్రిజ్‌లో ఉన్నదానికంటే చాలా ముందే చచ్చిపోతుంది.

మన దేశంలో ఫిల్ము తయారవుతుందా?

ఒకప్పుడు అయ్యేది. ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్‌ను 1960లో ఊటీలో పెట్టారు. చల్లదనం, దుమ్ము లేని గాలి ఫిల్ము తయారీకి అవసరం కాబట్టి కొండ మీద ఊరిని ఎంచుకున్నారు. ‘ఇందు’ పేరుతో బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములు, ఎక్స్‌రే ఫిల్ములు వచ్చేవి. జనం కలర్‌కి, తర్వాత డిజిటల్‌కి మళ్లడంతో నష్టాల్లో కూరుకుని మూతపడింది. ఆ నైపుణ్యం చెదిరిపోవడం నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం.

అటక మీద పాత నెగటివ్‌లు దొరికాయి. ఏం చేయాలి?

ముందు అటక మీదనుంచి దించండి. రేకుల కిందా, శ్లాబు కిందా ఉండే వేడే వాటికి మొదటి శత్రువు. కవరు తెరవగానే వెనిగర్ వాసన వస్తే ఎసిటేట్ అనే ప్లాస్టిక్ మీద తయారైన ఆ ఫిల్ము రసాయనికంగా చెడిపోతోందని గుర్తు. అలాంటివాటిని మిగతావాటినుంచి వేరుచేసి వెంటనే స్కాన్ చేయించండి, ఆ చెడు ఆగేది కాదు. మిగతావాటిని అంచులు పట్టుకుని తీసి, నెగటివ్‌ల కోసమే చేసిన కాగితం లేదా పాలిప్రొపిలీన్ కవర్లలో పెట్టండి. మామూలు పీవీసీ కవర్లు, రబ్బరు బ్యాండ్లు, కలరా ఉండలు వద్దు. కవరు మీద ఊరు, ఏడాది, మనుషుల పేర్లు పెన్సిల్‌తో రాయండి. ఆ పేర్లు చెప్పగలిగినవాళ్లు ఇంట్లో ఉండగానే ఈ పని పూర్తిచేయండి.

జాగ్రత్తగా ఉంచితే ఎంతకాలం ఉంటాయో హైదరాబాద్ చరిత్రే చెబుతుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1905లో చనిపోయారు. ఆయన తీసిన గాజు నెగటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఇవాళ్టికీ ఉన్నాయి, వాటినుంచి ప్రింట్లు వేయగలుగుతున్నారు.

మీ ఇంట్లో ఆల్బమ్ మాత్రమే ఉండి నెగటివ్‌లు లేకపోతే, ఫొటో తీసిన స్టూడియోకి వెళ్లి అడగండి. ప్రింటు వెనకో, కవరు మీదో చేత్తో రాసిన ఒక నంబరు ఉంటుంది. పాత స్టూడియోలు నెగటివ్‌లని ఆ నంబరు ప్రకారమే దాచేవి. చాలామంది డిజిటల్‌కి మారినప్పుడు చోటు చాలక పారేశారు. ఉంచినవాళ్లూ ఉన్నారు, ఎవరూ అడక్క అలాగే డబ్బాల్లో పడి ఉన్నాయి. యజమాని పెద్దాయన అయితే ఉదయంపూట తీరిగ్గా ఉన్నప్పుడు వెళ్లండి, ప్రింటు వెంట తీసుకెళ్లండి, వెతికినందుకు తగిన డబ్బు ఇస్తామని ముందే చెప్పండి.